పలకలాయన "నన్ను రికార్డు చేయొద్దు" అంటున్నాడు, ఎట్లా ఒప్పించాలి?

పుత్తూరు_చిన్నోడు
మాది పుత్తూరు పక్కన పల్లె. ధర్మరాజుల గుడి ఉంది, ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసురుడి బండి, అర్జున తపస్సు, చివర్లో దుర్యోధన వధ, నిప్పుల గుండం. ఈ వైపు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నాటకం కట్టే ముసలాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లతోపాటే పద్యాలు, దరువులు పోతాయని మేం కుర్రాళ్లం కొందరం కూడి, అంతా వీడియో తీసి, పాటలు రాయించి, యూట్యూబ్‌లో పెడదామనుకున్నాం. అమెరికాలో ఉన్న మా ఊరి అన్న కెమెరాకి డబ్బులు పంపాడు. గుడి కమిటీ కూడా సరేనంది.

అంతా కుదిరాక పలకలు (డప్పులు) కొట్టే పెద్దాయన అడ్డం తిరిగాడు. "నా దెబ్బలు మీ ఫోన్లో దొరికితే వచ్చే ఏడు నన్నెవుడు పిలుస్తాడు, స్పీకర్లో వేసుకుంటారు" అంటాడు. ఆయన్ని చూసి కృష్ణుడి వేషం కట్టే మావ కూడా, వాళ్ల గురువు రాసిచ్చిన నోటుబుక్కు ఫొటో తీయనివ్వనన్నాడు. ఇదంతా ఊరి సొత్తు కదా. ఒకరిద్దరు వద్దన్నారని ఆపేయాలా? ఎట్లా ఒప్పించాలో చెప్పండి.

నగరి_రోడ్డు
ఒప్పించడం తర్వాత సంగతి. ఆయనన్నదాంట్లో తప్పేముంది? మా పక్క ఊర్లో గంగమ్మ జాతరకు ఇప్పుడు పలకలన్నీ పెన్‌డ్రైవ్‌లోనే. "అమ్మవారికి తేడా తెలుస్తుందా ఏంది" అన్నాడొక పెద్దమనిషి. అమ్మవారి సంగతేమో గానీ, కొట్టేవాళ్ల ఇళ్లల్లో మాత్రం బాగానే తెలిసింది.

మదనపల్లె_టమాటా
అమెరికా అన్న కెమెరాకి పంపాడు సరే. కళాకారుల భోజనాలకు పంపాడా?

పుత్తూరు_చిన్నోడు
భోజనాలు కమిటీ చూసుకుంటుంది అన్నా. ఏటా ఉండేదే.

బెంగళూరు_బస్సు
నేను రికార్డింగ్ పక్షం. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో భాండాగారంలో దాచారు కాబట్టే నాలుగొందల ఏళ్ల తర్వాత బయటపడ్డాయి. చెక్కేవాడు ఆ రోజు "ముందు నన్ను ఒప్పించండి" అని కూర్చోలేదు కదా. ఈ సెంటిమెంట్లన్నీ చూస్తా కూర్చుంటే పదేళ్లకు ఏమీ మిగలదు. తీసి పడేయండి, తర్వాత మాట్లాడుకోవచ్చు.

స్వర్ణముఖి_గట్టు
బస్సన్నా, రేకులు దొరికాయి, నిజమే. రాగాల పేర్లూ ఉన్నాయి. పాడే పద్ధతి దొరికిందా? స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి విద్వాంసులు కూర్చుని మళ్లీ కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. రేకు మిగిలింది, గొంతు మధ్యలో తెగింది. మీరు చెప్పిన ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది.

ఇంకోటి, రాగి ఊరికే రాదు. వెనకాల గుడి ఉంది, డబ్బుంది. పలకల దెబ్బకు రేకులు ఎవరు చెక్కించారంట?

బెంగళూరు_బస్సు
అందుకే కదా ఇప్పుడు చౌకగా ఫోన్ ఉంది, తీయండి అంటున్నా. నేను చెప్పేదీ అదేగా.

సెగ_కాచిన_పలక
మా తాత పలకలు కొట్టేవాడు. మా నాయన కొట్టాడు. నేను తిరుపతిలో ఉద్యోగం, పండక్కి పోతే కొడతా. కాబట్టి ఆ పెద్దాయన తరఫున నేను రాస్తా.

పలక అంటే మీరు వీడియోలో చూసే దెబ్బ ఒక్కటే కాదు. కొట్టే ముందు ఎండుగడ్డి మంట వేసి చర్మాన్ని సెగ చూపించాలి. తక్కువైతే బొద్దుగా పలుకుతుంది, ఎక్కువైతే పగిలిపోతుంది. మా తాత వేలి గోటితో ఒక్కసారి తట్టి, ఇంకాసేపా చాలా చెప్పేవాడు. చెవికి దగ్గర పెట్టుకునేవాడు కూడా కాదు. వాన రాత్రయితే ఆటంతా మంట దగ్గరే ఒకడుండాలి, ఒక పలక చల్లబడేసరికి ఇంకోటి అందించాలి. అమ్మవారిని పిలిచే దెబ్బ వేరు, చాటింపు వేరు, శవం ముందు కొట్టేది వేరు. ఒక చోటిది ఇంకో చోట కొడితే పెద్దోళ్లు తన్నేవాళ్లు. ఇది కెమెరాలో పడుతుందా? కొంత పడుతుంది. కానీ కెమెరా యాడ పెట్టాలో చెప్పేది ఆయన, మీరు కాదు. మీరు స్టేజీ మీద పెడతారు. అసలు పని మంట దగ్గర జరుగుతా ఉంటుంది.

ఇక రెండో సంగతి. మా ఊరి గుడికి ఒక చరిత్ర పుస్తకం వేశారు. 1,116 రూపాయలు ఇచ్చిన వాళ్ల పేర్లు ఇంటి పేర్లతో సహా ఉన్నాయి. మూడు తరాలుగా కొట్టిన మా ఇంట్లో ఒక్కరి పేరు లేదు. "డప్పు వాయిద్యాలతో ఊరేగింపు ఘనంగా జరిగెను" అని ఒక్క వాక్యం రాశారు. వాయిద్యాలు వాటంతటవే మోగినట్టు. ఇది చూసినవాడు "ఊరి సొత్తు" అనే మాట వింటే ఏమనుకుంటాడు? సొత్తు అన్నప్పుడు ఊరంతా, గుళ్లోకి పోయేటప్పుడు మాత్రం బయట నిలబడు. మా తాత అట్లే నిలబడ్డాడు.

ఆ పెద్దాయనకు కెమెరా అంటే భయం కాదు. మిమ్మల్ని అడిగించుకుంటున్నాడు, అంతే. ఆయన ఇంటికి పోయి మాట్లాడినారా, లేక గుడి అరుగు మీదికి పిలిపించినారా?

రాజకీయం_వద్దు
మొదలుపెట్టారా. మంచి పని గురించి అడిగితే కులం తెచ్చారు. పాతకాలం పాతకాలమే, ఇప్పుడు అందరం కలిసే చేసుకుంటున్నాం.

సెగ_కాచిన_పలక
నేను తేలేదు స్వామీ. పుస్తకంలో లేని పేర్ల సంగతి చెప్పినా. కలిసే చేసుకుంటున్నాం అంటున్నారు కదా, మీ ఊరి కమిటీలో పలకలు కొట్టే ఇంటి మనిషి ఒక్కరున్నారా, చెప్పండి.

మదనపల్లె_టమాటా
(పాప్‌కార్న్ తెచ్చుకుంటా)

తాతయ్యగుంట_వీధి
తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఇది ఇంకో రకంగా అర్థమవుతుంది. అక్కడ కైకాల కులం వాళ్లకు వాళ్ల బాధ్యతలున్నాయి. అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది. తిరుమల కొండ మీది నుంచి అన్నగారి సారె వస్తుంది. ఎవరి పని వాళ్లది. ఒకరి పని ఇంకొకరు లాక్కోరు. అదే సమయంలో మొక్కుకున్న ఎవరైనా బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషం కట్టొచ్చు. ఏ వీధివాడివి అని అడగరు. హక్కులు కొందరివి, పండగ అందరిదీ. రెండూ ఒకచోట ఇమిడాయి.

కెమెరా వచ్చాక మాత్రం ఇబ్బంది మొదలైంది. బూతులు తిట్టడం అక్కడ మొక్కులో భాగం. ఆ వారంలో, ఆ వీధిలో, అమ్మవారి ఎదుట అది తప్పు కాదు. ముప్పై సెకన్ల రీల్‌గా కోసి పెడితే "తిరుపతిలో ఇదేం సంస్కృతి" అని ఎక్కడివాళ్లో వచ్చి నీతులు చెబుతారు. మా వీధి అబ్బాయి చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకున్నాడు. ఎవరో ఫొటో తీసి వెటకారపు క్యాప్షన్‌తో పెట్టారు. ఆఫీసు గ్రూపులోకి వచ్చేసింది. వాడు తర్వాతి ఏడాది వేషం కట్టలేదు. మీ యూట్యూబ్ ఎవరి మొక్కునైనా ఆపేటట్టుంటే అది కాపాడటం ఎట్లవుతుంది?

బెంగళూరు_బస్సు
ఆ ఒక్క కేసు పట్టుకుని అన్నీ దాచుకుంటామా? అదే వీడియోలు చూసి మా ఆఫీసులో ఇద్దరు జాతరకు వచ్చారు.

తాతయ్యగుంట_వీధి
రానీ. వచ్చి సున్నపు కుండల వేషం చూసి, అంబలి తాగి పోనీ. నేను వద్దన్నది అడగకుండా తీయడాన్ని.

పొంగలి_పొయ్యి
ఇంతసేపూ అందరూ మగవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు. చిన్నోడా, నీ లిస్టులో అర్జున తపస్సు ఉంది కదా. తపస్సు మాను ఎక్కి అర్జునుడు పద్యాలు పాడతా ఉంటే, కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో బోర్లా పడుకుని వరం పడతారు. ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయ, విభూది ఒళ్లో పడాలని. అది కూడా డ్రోన్‌తో తీస్తావా?

మా బంధువుల అమ్మాయి అట్లా పడుకున్నప్పుడు ఎవరో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లల్లేరని ఊరికి తెలిసిందే కాకుండా దేశానికి తెలిసింది. అత్తగారింట్లో నానా మాటలు. మాను తీయండి, పద్యం తీయండి, ఆడవాళ్ల మొహాలు తీయొద్దు. ఇది కమిటీని అడిగితే "ఏముందమ్మా, పుణ్యమే కదా" అంటారు. కమిటీలో ఆడమనిషి ఉంటే ఆ మాట రాదు.

నగరి_రోడ్డు
ఇది నాకు తట్టనే లేదు. నిజం.

పుత్తూరు_చిన్నోడు
డ్రోన్ అనుకున్న మాట వాస్తవమే అక్కా. ఆ ఘట్టానికి తీసేస్తాం.

పొంగలి_పొయ్యి
ఇంకా ఉంది. నాటకంలో ద్రౌపది వేషం కూడా మగవాడే కడతాడు, బాగానే కడతాడు. కానీ పద్యాలు అన్నీ నోటికొచ్చిన ఆడవాళ్లు మీ ఊర్లో ఎంతమంది ఉన్నారో చూడు. చిన్నప్పట్నుంచీ తెల్లార్లూ చాప మీద కూర్చుని విన్నవాళ్లు. మా అమ్మమ్మ కృష్ణ రాయబారం మొత్తం రోలు దగ్గర పాడేది. వేషగాడు ఒక చరణం మరిచిపోతే ముందు వరసలోంచి అందించేది. ఆమెను ఎవరూ కళాకారిణి అనలేదు. నోటుబుక్కు ఇవ్వకపోతే పోనీ, వీళ్ల దగ్గరికి పో.

కసిం_కుండ
శ్రీకాళహస్తి నుంచి. మా కలంకారీ కథ కూడా ఇట్లాంటిదే, చెప్పొచ్చా?

గీసే ఆయన ఒకరు. ఆ గీతల్లో రంగులు నింపేది, ఉతికేది, ఆరేసేది ఎక్కువ మంది ఆడవాళ్లం. బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలల్లో నానబెడతాం. పాలలో కొవ్వు ఉండబట్టే గీత పాకకుండా నిలుస్తుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిం వస్తుంది. అది చూడ్డానికి టీ నీళ్ల మాదిరి ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద కలం ఆనించగానే నల్లగా మారుతుంది. ఎన్ని రోజులకు కుదిరిందో తేదీ చూసి చెప్పరు, వాసన చూసి చెబుతారు. మా అత్త మూత తీసి ఒక్క పీల్పుతో చెప్పేది. ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ ఆ వాసన రాయలేదు.

ఈ కళ ఒకప్పుడు పోయే దశకు వచ్చింది. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుంటే 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. అది పెట్టకపోతే మేమెవ్వరం లేము. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, మాకందరికీ గర్వమే. జీఐ గుర్తింపు (ఒక చోటి సరుకుకు ఆ చోటి పేరుతో ఇచ్చేది) కూడా ఉంది. కానీ జీఐ కాపాడేది "శ్రీకాళహస్తి కలంకారీ" అనే పేరును. మా డిజైన్ చూసి స్క్రీన్ ప్రింటు కొట్టి, "కలంకారీ మోడల్" అని సగం రేటుకు అమ్మేవాళ్లను ఆపడం కష్టమే. చీర మూలన సంతకం గీసిన ఆయనది. రంగులు వేసిన మనిషి పేరు యాడా ఉండదు.

కాబట్టి తమ్ముడూ, వీడియో కింద పేర్లు వేసేటప్పుడు మంట దగ్గర కూర్చున్నవాడి పేరు, మేకప్ కట్టినవాడి పేరు, మట్టి దుర్యోధనుణ్ని చేసినవాళ్ల పేర్లు, అన్నీ వెయ్యి. దానికి ఖర్చు లేదు.

మదనపల్లె_టమాటా
దుర్యోధనుడి మీసానికి మా ఊర్లో స్పెషలిస్టు ఉన్నాడు. భీముడు తొడ మీద కొట్టేదాకా మీసం ఆరకూడదంట. ఆయన పేరు కూడా వెయ్యాల్సిందే.

సర్క్యులేషన్_కౌంటర్
కొంచెం చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ చూడండి. ప్రదర్శన ఇచ్చే వాళ్లకు ఆ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కుంది. నటుడు, గాయకుడు, వాయిద్యకారుడితో పాటు గారడీవాణ్ని, పాములాడించేవాణ్ని కూడా అదే చట్టంలో నిర్వచనాల దగ్గర పేరు పెట్టి రాశారు. అంటే పలకలాయన వద్దంటే ఆయన వాయించింది రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం మర్యాదకే కాదు, చట్టానికీ కుదరదు. కమిటీ సంతకం ఆయన సంతకం కాదు. అయితే తరతరాల దరువు మీద ఊరికి ఉమ్మడిగా ఇట్లాంటి హక్కు లేదు. అదొక పెద్ద కంత.

కాగితం మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసుకోండి. ఏం తీస్తున్నాం, యాడ పెడతాం, డబ్బొస్తే ఎవరికి, మనసు మారితే తీసేస్తామా. చదవడం రానివాళ్లకు చదివి వినిపించి, ఆ వినిపించడాన్నే రికార్డు చెయ్యండి.

ఇంకో మాట, ఇట్లాంటి కళలు, ఆచారాల మీద యునెస్కో వాళ్ల 2003 ఒప్పందం కూడా కాపాడే పనిలో కళను మోసే సమాజానికి వీలైనంత భాగస్వామ్యం ఇవ్వాలనే అంటుంది. భారత్ 2005లో అందులో చేరింది. ఢిల్లీలో సంతకం పెట్టిన మాట పుత్తూరు దాకా రావడానికి టైం పడుతుంది, అంతే.

ఆకు_పసరు
మాది పులికాట్ వైపు, యానాది ఇల్లు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవి ఖాళీ చేసి వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. అడవి పోయినాక మా జేజికి (అవ్వకు) మిగిలింది ఆకుల మీద తెలివే. ఒక పెద్ద చదువుల సంస్థ నుంచి పిల్లలు వచ్చి మూడు పూటలు కూర్చుని, ఏ ఆకు దేనికి, ఎప్పుడు కోయాలి, ఏం చెప్పి కోయాలి, అన్నీ రాసుకున్నారు. బిస్కెట్ పాకెట్లు ఇచ్చారు. తర్వాత అది పుస్తకమై వచ్చింది. మొక్కలకు లాటిన్ పేర్లున్నాయి, మా జేజికి పేరు లేదు. "స్థానిక సమాచారదారు" అని ఉంది.

పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది కదా, దాన్ని అందరూ గొప్పగా చెప్పుకుంటాం. అక్కడ సాక్ష్యం నిలబడింది పాత పుస్తకాల్లో రాసి ఉండబట్టి. తర్వాత 2001లో ప్రభుత్వం మొదలుపెట్టిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ కూడా ఆయుర్వేదం, సిద్ధ, యునాని గ్రంథాల మీద కట్టిందే. నోటి మీద ఉన్న మా తెలివికి గ్రంథం యాడుంది?

కాణిపాకం_కాలేజీ
జీవవైవిధ్య చట్టం ఉందిగా అక్కా? 2002ది. ప్రతి పంచాయతీలో కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. మాకు సిలబస్‌లో ఉంది.

ఆకు_పసరు
సిలబస్‌లో ఉంది నాయనా, మా పేటలో ఎవరూ చూడలేదు. 2004 నియమాల్లో ఆ కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని కూడా రాశారు. రిజిస్టర్లో రాస్తే ఇంకో తిప్పలు. రాయకపోతే తెలివి లేదంటారు, రాస్తే అందరికీ తెలిసిపోతుంది. ఫలానా రోగానికి మందు తెలిసినవాళ్లు ఈ పేటలో ఉన్నారు అన్నంతవరకే రాసి, ఆకు పేరు రాయకూడదు అంటాను నేను. కావాల్సినోళ్లు వచ్చి అడుగుతారు. 2023లో చట్టం సవరించారు, గ్రంథస్థమైన విజ్ఞానం వాడుకునేవాళ్లకు లాభం పంచాల్సిన పని తీసేశారు. దాన్ని చూశాక నా భయం ఇంకా పెరిగింది.

కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో జీవని అనే మందు చేశారు. వచ్చిన లైసెన్సు డబ్బులో, రాయల్టీలో సగం వాళ్ల ట్రస్టుకు ఇచ్చారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ వాళ్లలోనే వైద్యం చేసే పెద్దలు "మమ్మల్ని అడగలేదు, చెప్పింది ఎవరో కుర్రాళ్లు" అన్నారు. గిరిజనులను అడిగాం అంటే సరిపోదు. వాళ్లల్లో ఎవర్ని అడిగారు?

రాజకీయం_వద్దు
ఇట్లా అందరూ దాచుకుంటే చివరికి ఎవరికీ ఏమీ తెలీదు. మా నాయనమ్మ పాముకాటు మందు ఎవరికీ చెప్పకుండానే పోయింది.

ఆకు_పసరు
ఎవరికీ చెప్పలేదా, ఆడపిల్లలకు చెప్పకూడదని మీ ఇంట్లో అన్నారా? ఊరికే అడుగుతున్నా. మా జేజి నాకు చెప్పింది. నా కూతురికి నేను చెబుతున్నా. దాచుకోవడం అంటే చెప్పకపోవడం కాదు. ఎవరికి చెప్పాలో మేం చూసుకుంటాం. (పాము కరిస్తే మాత్రం ఆకు కోసం చూడొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. మా జేజి కూడా అదే చెప్పేది.)

రాజకీయం_వద్దు
మా ఇంట్లో మగపిల్లలకే చెప్పాలనేవాళ్లు, నిజమే. మా నాయనకు ఆసక్తి లేదు.

నగరి_రోడ్డు
చిన్నోడా, భాష కూడా చూసుకో. మా వైపు నాటకంలో హాస్యగాడు సగం అరవం, సగం తెలుగు మాట్లాడతాడు. ఏకాంబరకుప్పంలో మగ్గాల దగ్గర జనం నవ్వేది ఆ కలిపిన మాటకే. పోయినసారి ఎవరో రాతలోకి ఎక్కించి "శుద్ధమైన తెలుగు"లోకి మార్చారు. జోకు చచ్చిపోయింది. ఉన్నదున్నట్టు రాయండి.

పుత్తూరు_చిన్నోడు
అందరివీ చదివినా. ఈ ఆదివారం పలకలాయన ఇంటికి పోయినాం. పలక అన్న అడిగిన ప్రశ్నకు జవాబు: ఇంతకుముందు గుడి దగ్గరికే పిలిపించినాం.

ఆయన మాట్లాడింది కెమెరా గురించి చాలా తక్కువ. మంట కోసం కట్టెలు కమిటీ ఇవ్వట్లేదు, వాళ్లే కొనుక్కుంటున్నారంట. రాత్రంతా కొట్టినవాళ్లకు తెల్లారి ఆకు చివరి పంక్తిలో పడుతుంది. ఇది మాకెవ్వరికీ తెలీదు. చివరికి ఆయన చెప్పింది ఇది. అమ్మవారిని పిలిచే దెబ్బ తీయకూడదు. మిగతావి తీయొచ్చు, కానీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క దరువూ పూర్తిగా పెట్టకూడదు, స్పీకర్లో వేసుకునే వీలుండకూడదు. మంట దగ్గర సంగతి మొత్తం తీయండి, దాంట్లో దొంగిలించేదేముంది అన్నాడు. కమిటీ రాతపూర్వకంగా పలకలు మనుషులే కొట్టాలని తీర్మానం చేయాలి. తీర్మానం దగ్గర కమిటీ నసుగుతోంది. ఇద్దరు పెద్దలు "వాడు మనకు షరతులు పెట్టేదేంది" అన్నారు. అదింకా తెగలేదు.

అమెరికా అన్నకు ఫోన్ చేసి, కెమెరా చిన్నది కొంటాం, మిగిలింది కళాకారులకు కూర్చున్నందుకు ఇస్తాం అన్నాం. కాసేపు గొణిగి, సరే, బిల్లులు పంపమన్నాడు.

కృష్ణుడి మావ నోటుబుక్కు ఇప్పటికీ ఇవ్వడు. కావాలంటే పిల్లల్ని పంపండి, నేర్పిస్తా, నేర్చుకున్నవాడు రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదన్నాడు. ఆడపిల్లలొచ్చినా నేర్పిస్తావా అని మా చెల్లెలు అడిగింది. కాసేపు చూసి, గొంతుంటే రమ్మన్నాడు.

సెగ_కాచిన_పలక
కట్టెల సంగతి ముందు తేల్చండి. తీర్మానం దానంతటదే వస్తుంది. ఆయన పేరు ఫ్లెక్సీలో వేయించండి, అడుగున కాదు.

బెంగళూరు_బస్సు
సగం దరువులు పెడితే ఆర్కైవ్ అంటారా దాన్ని? నాకింకా ఒప్పుదల లేదు. పూర్తిగా తీసి, బయటపెట్టకుండా ఆయన ఇంట్లోనే ఒక హార్డ్ డిస్కులో ఉంచొచ్చు కదా. ఆయన మనవడికి పనికొస్తుంది.

సర్క్యులేషన్_కౌంటర్
బస్సన్న మొదటిసారి మంచి మాట చెప్పాడు. రెండు కాపీలు, రెండూ వాళ్ల ఇళ్లలోనే.

పుత్తూరు_చిన్నోడు
అది అడుగుతాం. ఆయనకు కంప్యూటర్ లేదు, మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

కసిం_కుండ
మట్టి దుర్యోధనుణ్ని చేసేది ఎవరు? కుమ్మరోళ్లా, ఊరోళ్లా?

పుత్తూరు_చిన్నోడు
ఊరోళ్లే అక్కా, ప్రతి ఇంటి నుంచి తట్ట మట్టి. ముక్కు మాత్రం ఒకాయనే పెడతాడు. వేరేవాళ్లు పెడితే రాత్రికి ఊడిపోతుంది.

మదనపల్లె_టమాటా
ముక్కు స్పెషలిస్టు, మీసం స్పెషలిస్టు. ఇద్దర్నీ ఒక ఫ్రేములో కూర్చోబెట్టు, ఆ వీడియోకి వ్యూస్ నేను గ్యారంటీ.

స్వర్ణముఖి_గట్టు
నా దగ్గర మంచి మైకు ఒకటి ఊరికే పడుంది, గాలి చప్పుడు రాకుండా బొచ్చు తొడుగు కూడా ఉంది. భారతం అయ్యేదాకా వాడుకో. నంబరు ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్యి.

పుత్తూరు_చిన్నోడు
చేసినా అన్నా. శనివారం కాళహస్తికి వచ్చి తీసుకుంటా.